తప్పు పట్టేది, దిద్దేది మన మెదడే

నాదర్‌గుల్ బస్‌స్టాపు. పొద్దున తొమ్మిది గంటలు. ఒక అత్త బస్సు కోసం నిలబడి ఉన్నది. ఆమె వయసు యాభై దాటింది. ఆరు నెలలుగా రాత్రి బడికి పోతున్నది. అక్షరాలు వచ్చాయి. గుణింతాలు వచ్చాయి. చిన్న చిన్న మాటలు కూడబలుక్కుని చదువుతుంది.

ఆ రోజు ఆమె దిల్‌సుఖ్‌నగర్ పోవాలి. అక్కడ ఆసుపత్రిలో ఆడబిడ్డ ఉన్నది. ఆమె కోసం చేతిలో అన్నం డబ్బా.

ఇదివరకు బస్సు ఎక్కాలంటే పక్కవాళ్లను అడిగేది. "బాబూ, ఈ బస్సు ఎటు పోతది?" అనేది. ఈ రోజు అడగొద్దు అనుకుంది. తానే బోర్డు చదవాలనుకుంది.

బస్సు వచ్చింది. జనం తోసుకుంటున్నారు. ఆమె బోర్డు చూసింది. చివర "నగర్" కనపడింది. దిల్‌సుఖ్‌నగర్ బస్సే అనుకుంది. ఎక్కి కూర్చుంది. తానే చదివి బస్సు ఎక్కానని మురిసిపోయింది.

కొంత దూరం పోయాక కిటికీలోంచి చూసింది. మీర్‌పేట రావాలి. రాలేదు. సాగర్ రోడ్డు వచ్చింది. ఆమె గుండె ఝల్లుమన్నది. కండక్టరును అడిగింది.

"ఇది ఎల్.బి.నగర్ పోతదమ్మా" అన్నాడు కండక్టరు.

దిగింది. ఇంకో బస్సు పట్టుకుంది. ఆసుపత్రికి చేరేసరికి గంటసేపు ఆలస్యం అయింది. అన్నం చల్లారిపోయింది.

సాయంత్రం ఇంటికి వచ్చి గడప మీద కూలబడింది.

"అత్తమ్మా, ఏమైంది? గట్ల కూసున్నవేంది?" అని కోడలు అడిగింది.

"ఏం జెప్పాలె బిడ్డా! ఈ ముసలి తలకాయకు అక్షరాలు ఎక్కయి. రేపటిసంది బడికి పోను."

అదే సమయానికి మనవడు పలక పట్టుకుని వచ్చాడు. పదిహేడు, ఇరవై అయిదు కూడాడు. ముప్పై రెండు వేశాడు. నలభై రెండు రావాలి. చేతిలో ఒకటి పెట్టుకోవడం మరిచిపోయాడు. అత్త పలక చూసి వాడి నెత్తి మీద ఒక్కటి వేసింది.

"నీ తలకాయ గూడ నా తలకాయ లెక్కనే మొద్దు!" అన్నది.

వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి.

నిజంగా ఆ ఇద్దరివీ మొద్దు తలకాయలేనా? కాదు. బస్సులో ఏం జరిగిందో మళ్లీ చూడండి. కండక్టరు చెప్పకముందే ఆమె గుండె ఝల్లుమన్నది. "ఏదో తప్పు జరిగింది" అని ఆమెకు తెలిసింది. చెప్పింది ఎవరు? ఆమె మెదడే. మొద్దు తలకాయ అయితే ఆ పని చేయగలదా?

మెదడు ముందే అనుకుంటుంది

మన మెదడు బరువు సుమారు కిలోన్నరకు కొంచెం తక్కువ. అందులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయి. కంటికి కనపడనంత చిన్న కణాలు అవి. ఒకదానితో ఒకటి కబురు చెప్పుకుంటూ ఉంటాయి.

మెదడు కన్ను చూసేదాకా, చెవి వినేదాకా ఊరికే కూర్చోదు. ఏం జరగబోతుందో ముందే ఒక అంచనా వేసుకుంటుంది. తరువాత నిజంగా జరిగిందాన్ని ఆ అంచనాతో సరిచూసుకుంటుంది. రెండూ కలిస్తే ఊరుకుంటుంది. కలవకపోతే ఉలిక్కిపడుతుంది.

ఇది మీకు రోజూ అనుభవమే. మూలన బిందె ఉన్నది. నిండుగా ఉన్నదని అనుకుని లేపుతారు. అది ఖాళీ బిందె. చెయ్యి ఒక్కసారిగా పైకి లేస్తుంది. మీరు ఉలిక్కిపడతారు. ఎందుకు? నిండు బిందెకు ఎంత బలం కావాలో మెదడు ముందే లెక్క వేసింది. చేతికి అంత బలం ఇచ్చింది. లెక్క తప్పింది. ఆ తప్పు వెంటనే తెలిసింది. రెండోసారి అదే బిందెను మెల్లగా లేపుతారు. అంటే తప్పు తెలియడమే కాదు, దిద్దుకోవడం కూడా అయిపోయింది. ఎవరూ నేర్పలేదు. ఎవరూ కొట్టలేదు.

చీకట్లో మెట్లు దిగుతుంటారు. ఇంకో మెట్టు ఉన్నదనుకుని కాలు వేస్తారు. మెట్టు ఉండదు. ఒళ్లంతా అదురుతుంది. అదీ ఇలాంటిదే.

ఇంకొకటి చేసి చూడండి. మీ అరికాలును మీరే గిలిగింత పెట్టుకోండి. నవ్వు రాదు. పక్కనున్న అక్కను పెట్టమనండి. నవ్వు ఆగదు. మన వేలు ఎక్కడ తగులుతుందో మన మెదడుకు ముందే తెలుసు. అందుకే పట్టించుకోదు. ఇంకొకరి వేలు ఎక్కడ తగులుతుందో ముందుగా తెలియదు. అందుకే గిలిగింత.

కంచన్‌బాగ్‌లో చదివిన శాస్త్రవేత్త

ఈ సంగతిని లెక్కలు కట్టి చూపిన వాళ్లలో ఒకరు మన హైదరాబాదులో బడి చదువు చదివారు. ఆయన పేరు రాజేశ్ రావు. కంచన్‌బాగ్‌లోని కేంద్రీయ విద్యాలయంలో చదువుకున్నారు. కంచన్‌బాగ్ నాదర్‌గుల్‌కు ఎంతో దూరం కాదు. ఆ తరువాత ఆయన పై చదువులకు అమెరికా పోయారు.

1999లో రాజేశ్ రావు, ఆయన గురువు డేనా బల్లార్డ్ కలిసి ఒక పరిశోధన ప్రకటించారు. కంటితో చూసినదాన్ని మెదడు ఎలా గుర్తు పడుతుంది అన్నది వాళ్ల ప్రశ్న. దాని కోసం కంప్యూటరులో ఒక నమూనా తయారు చేశారు.

వాళ్లు చెప్పినదాన్ని ఒక ఇంటి పోలికతో చూద్దాం. పొలం పనికి పోయిన అత్తకు కోడలు ఇంటి నుంచి ఫోను చేస్తుంది. "పొయ్యి ఉన్నది, బావి ఉన్నది, గోడ ఉన్నది" అని చెబుతుందా? చెప్పదు. అవన్నీ అత్తకు తెలుసు. "దూడ తాడు తెంపుకుంది" అని చెబుతుంది. అంటే అత్త అనుకోని సంగతి మాత్రమే చెబుతుంది.

మెదడులో కూడా అలాగే అని వాళ్లు చూపించారు. పై భాగాలు "ఇది కనపడుతుంది" అని కింది భాగాలకు అంచనా పంపుతాయి. కింది భాగాలు కన్ను చూసినదాంతో దాన్ని పోల్చుతాయి. ఎంత తేడా ఉన్నదో అంతే పైకి పంపుతాయి. పై భాగాలు ఆ తేడాను బట్టి తమ అంచనాను మార్చుకుంటాయి. ఈ ఆలోచనను అప్పటి నుంచి ఎన్నో దేశాల శాస్త్రవేత్తలు పరీక్షిస్తున్నారు.

ఇక్కడ ఒక మాట గమనించండి. పైకి పోయే కబురు ఏది? తేడా. తేడా అంటే తప్పిన అంచనా. తప్పు లేకపోతే మెదడుకు కొత్త కబురే లేదు. కొత్తగా నేర్చుకునేదీ లేదు.

ఇది చదవండి

కింద ఒక మాట ఉన్నది. గబగబా చదవండి.

దిల్‌సుఖ్‌నర్

ఏమని చదివారు? దిల్‌సుఖ్‌నగర్ అని చదివారా? మళ్లీ ఒక్కొక్క అక్షరం చూడండి. అందులో "గ" లేదు. చదువు బాగా వచ్చినవాళ్లు కూడా ఇక్కడ పొరపాటు పడతారు. మెదడు సగం చూసి మిగతా సగం తానే నింపుకుంటుంది.

బస్‌స్టాపులో అత్త చేసింది కూడా అదే. "నగర్" చూసింది. ముందున్న సగాన్ని మనసులో నింపుకుంది. దిల్‌సుఖ్‌నగర్ పోవాలనుకుంది కాబట్టి దిల్‌సుఖ్‌నగరే కనపడింది. అది చదువు రానివాళ్లు చేసే తప్పు కాదు. చదవడం మొదలు పెట్టినవాళ్లు చేసే తప్పు. చదువు రాని రోజుల్లో ఆమెకు ఆ బోర్డు మీద "నగర్" కూడా కనపడేది కాదు.

సెకనులో పదో వంతు

తప్పు జరిగినట్టు మెదడుకు ఎంతసేపటికి తెలుస్తుంది? దీన్ని కూడా కొలిచారు.

1990 తరువాత జర్మనీలో, అమెరికాలో శాస్త్రవేత్తలు ఒక పరీక్ష చేశారు. మనిషి తలకు చిన్న చిన్న బిళ్లలు అంటించారు. మెదడులో పుట్టే సన్నని విద్యుత్తును ఆ బిళ్లలు పసిగడతాయి. నొప్పి ఉండదు. తరువాత ఆ మనిషి ముందు అక్షరాలు చూపించారు. "ఈ అక్షరం వస్తే కుడి బొత్తాం, ఆ అక్షరం వస్తే ఎడమ బొత్తాం నొక్కు" అన్నారు. గబగబా నొక్కమన్నారు. తొందరలో తప్పులు పడతాయి కదా.

తప్పు బొత్తాం నొక్కిన ప్రతిసారీ ఒక ప్రత్యేకమైన గుర్తు నమోదయింది. తప్పు జరిగాక సెకనులో పదో వంతు లోపలే అది వచ్చింది. "అయ్యో, తప్పు" అని నోటితో అనడానికి కూడా అంత తక్కువ సమయం చాలదు. ఆ గుర్తు ఎక్కువగా నుదుటి వెనుక, మెదడు రెండు సగాల నడుమ ఉన్న భాగం నుంచి పుడుతుంది.

ఇది మొదటి గంట. కొద్దిసేపటికి రెండో గంట కూడా మోగుతుంది. మొదటి గంట మనకు తెలియకుండానే మోగవచ్చు. రెండో గంట "నేను తప్పు చేశాను" అని మనకు తెలిసినప్పుడు గట్టిగా మోగుతుంది.

గంట మోగాక మనిషి ఏం చేస్తాడు? బ్రిటన్ శాస్త్రవేత్త పాట్రిక్ రాబిట్ ఈ సంగతిని 1966లోనే చూపారు. తప్పు చేసిన మనిషి, ఆ తరువాతి బొత్తాన్ని కొంచెం ఆలస్యంగా నొక్కుతాడు. అంటే వేగం తగ్గించుకుంటాడు. జారిన మనిషి తరువాతి అడుగు మెల్లగా వేస్తాడు కదా, అలాగన్నమాట.

వేళ్లకు తెలుసు

2010లో అమెరికాలో ఒక తమాషా పరీక్ష చేశారు. బాగా టైపు చేయడం వచ్చినవాళ్లను కూర్చోబెట్టారు. వాళ్లు టైపు చేస్తుంటే తెర మీద అక్షరాలు కనపడతాయి. కానీ కంప్యూటరు మధ్యమధ్య మోసం చేసింది. కొన్నిసార్లు సరిగా కొట్టినా తెర మీద తప్పు చూపించింది. కొన్నిసార్లు తప్పు కొట్టినా తెర మీద సరిచేసి చూపించింది.

టైపు చేసేవాళ్లు చాలావరకు తెర చూపినదాన్నే నమ్మారు. తెర మీద తప్పు కనపడితే "నాదే తప్పు" అన్నారు. కానీ వేళ్లు మోసపోలేదు. నిజంగా తప్పు కొట్టినప్పుడే వేళ్ల వేగం తగ్గింది. తెర మీద సరిగా కనపడినా వేళ్లకు తెలుసు.

జొన్నరొట్టె చేసే తల్లికి ఇది ఆశ్చర్యం కాదు. పిండి పలుచనైతే ఆమె కళ్లు పక్కకు తిరిగి మాట్లాడుతున్నా చెయ్యి ఆగుతుంది. ఇంత పొడి పిండి చల్లుకుంటుంది. మళ్లీ తట్టుతుంది.

చిన్న మెదడు చేసే పని

తల వెనుక, మెడకు పైన చిన్న మెదడు ఉంటుంది. చేతులు, కాళ్లు ఒడుపుగా కదలాలంటే అది కావాలి. చేతి లెక్క తప్పితే దాన్ని సరిచేసేది ఎక్కువగా అదే.

దీన్ని ఒక రకం కళ్లద్దాలతో చూపిస్తారు. ఆ అద్దాలు పెట్టుకుంటే వస్తువులన్నీ కొంచెం పక్కకు జరిగినట్టు కనపడతాయి. అప్పుడు బంతి విసిరితే గురి తప్పుతుంది. మళ్లీ విసిరితే కొంచెం దగ్గర పడుతుంది. విసరగా విసరగా గురికి తగులుతుంది. అప్పుడు అద్దాలు తీసేస్తే ఏమవుతుంది? మళ్లీ గురి తప్పుతుంది. ఈసారి రెండో పక్కకు తప్పుతుంది! కొన్నిసార్లు విసిరాక మళ్లీ సర్దుకుంటుంది.

చిన్న మెదడు దెబ్బతిన్నవాళ్లకు ఈ సర్దుబాటు సరిగా జరగదు. ఎన్నిసార్లు విసిరినా తప్పు తప్పుగానే ఉండిపోవచ్చు. మరి మామూలు మనుషులకు? ప్రతి తప్పూ చేతిని గురికి కొంచెం దగ్గర చేస్తుంది. మొదట విసరనే విసరనివాళ్లకు మాత్రం గురి ఎప్పటికీ కుదరదు.

అనుకున్నది రానప్పుడు

మెదడులో డోపమైన్ అనే రసాయనం ఉంటుంది. దాన్ని తయారు చేసే కణాల మీద వుల్‌ఫ్రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతులతో పరీక్షలు చేశారు. ముందు దీపం వెలుగుతుంది. తరువాత కోతి నోట్లో పండ్ల రసం చుక్క పడుతుంది.

మొదట్లో రసం పడగానే ఆ కణాలు చురుకయ్యాయి. అది అనుకోని లాభం కదా. అలవాటు అయ్యాక దీపం వెలగగానే చురుకయ్యాయి. రసం పడితే ఇక మామూలే. ఒకసారి దీపం వెలిగించి రసం ఇవ్వలేదు. సరిగ్గా రసం పడవలసిన సమయానికి ఆ కణాలు చల్లబడిపోయాయి. అనుకున్నదానికన్నా మంచిది వస్తే ఒక రకం కబురు. తక్కువ వస్తే ఇంకో రకం కబురు. ఈ సంగతిని 1997లో మరో ఇద్దరు శాస్త్రవేత్తలతో కలిసి ఆయన వివరించారు.

మనం అలవాట్లు నేర్చుకోవడంలో ఈ కబుర్లకు పెద్ద పాత్ర ఉంది. పిల్లవాడు లెక్క దిద్దుకున్నప్పుడు "శెభాష్" అంటే వాడికి అది అనుకోని రసం చుక్క.

గంట మోగకపోతే

ఈ గంట ఎప్పుడూ ఒకేలా మోగదు. సారా, కల్లు, బ్రాందీ ఏది ఎక్కువ తాగినా గంట మందగిస్తుంది. తాగినవాళ్లలో తప్పును పట్టే గుర్తు తగ్గిపోతుందని 2002లో ఒక పరిశోధన చూపింది. తూలుతూ నడిచే మనిషి "నేను మంచిగనే ఉన్న" అని బండి తాళం ఎందుకు అడుగుతాడో ఇప్పుడు తెలిసింది కదా. తప్పు చేయడమే కాదు, చేస్తున్నట్టు కూడా అతనికి సరిగా తెలియదు. అందుకే తాళం ఇవ్వకూడదు. నిద్ర చాలని తలకు కూడా తప్పులు సరిగా కనపడవు.

"నాకు రాదు" అనే మాట

అన్నింటికన్నా మనకు పనికొచ్చే పరీక్ష ఇంకొకటి ఉన్నది. 2011లో అమెరికాలో జేసన్ మోజర్, ఆయన తోటివారు చేశారు. కొందరు "తెలివి పుట్టుకతో వచ్చిందే, పెరగదు" అని నమ్ముతారు. కొందరు "కష్టపడితే తెలివి పెరుగుతుంది" అని నమ్ముతారు. ఇద్దరికీ తలకు బిళ్లలు అంటించి అక్షరాల పరీక్ష పెట్టారు.

రెండు రకాల వాళ్లూ తప్పులు చేశారు. కానీ "పెరుగుతుంది" అని నమ్మినవాళ్లలో రెండో గంట ఎక్కువ గట్టిగా మోగింది. వాళ్లు తప్పును ఎక్కువ శ్రద్ధగా చూశారు. తప్పు చేసిన తరువాతి ప్రశ్నకు ఎక్కువగా సరైన జవాబు చెప్పారు.

"నాకు రాదు, నాది మొద్దు తలకాయ" అనుకుంటే ఏమవుతుంది? తప్పును చూడబుద్ధి కాదు. పుస్తకం మూసేస్తాం. తప్పును చూడకపోతే దిద్దుకునేది ఎట్లా?

పిల్లలను కొట్టినా ఇంతే. భయంతో ఉన్న పిల్లవాడి మనసు లెక్క మీద ఉండదు, దెబ్బ మీద ఉంటుంది. తప్పు దాచడం నేర్చుకుంటాడు. మన దేశంలో 2009 నాటి విద్యా హక్కు చట్టం బడిలో పిల్లలను కొట్టడాన్ని నిషేధించింది. ఇంట్లో కొట్టకుండా ఉండడం మన చేతిలో ఉంది.

మనం ఏం చేయవచ్చు?

రాసినది వెంటనే సరిచూసుకోండి. వారం తరువాత చూస్తే ఎందుకు తప్పు రాశామో గుర్తు ఉండదు.

తప్పు మాటను పూర్తిగా చెరిపేయకండి. దాని మీద ఒక గీత గీయండి. పక్కనే సరైన మాట రాయండి. రెండూ కనపడితే తేడా తెలుస్తుంది.

"మ", "య", "వ" లాంటి అక్షరాలు కలగలిసిపోతే మూడూ పక్కపక్కన రాసి ఎక్కడ తేడా ఉన్నదో వేలు పెట్టి చూడండి.

తప్పు పడ్డాక ఒక్క క్షణం ఆగండి. మెల్లగా మళ్లీ చేయండి.

ముఖ్యమైన చోట ఊహించకండి. మందు చీటీ, బ్యాంకు కాగితం, బస్సు బోర్డు మొదటి అక్షరం నుంచి చదవండి. అనుమానం వస్తే అడగండి. అడగడం చిన్నతనం కాదు.

మళ్లీ బస్‌స్టాపులో

ఆ రాత్రి కోడలు అత్త పక్కన కూర్చుంది.

"అత్తమ్మా, బస్సు తప్పని నీకు ఎవరు జెప్పిన్రు?"

"ఎవరు జెప్పలే. మీర్‌పేట రాకపాయె. నాకే తెల్సింది."

"మరి నీ తలకాయ మొద్దు ఎట్లయితది?"

అత్త ఏమీ అనలేదు. కొంతసేపటికి పలక తెమ్మన్నది. పలక మీద రెండు పేర్లు ఒకదాని కింద ఒకటి రాసింది. దిల్‌సుఖ్‌నగర్. ఎల్.బి.నగర్. చివర రెండూ ఒకటే. మొదలు వేరు. "ది" కింద ఒక గీత గీసింది. "ఎ" కింద ఒక గీత గీసింది.

తరువాత మనవణ్ని దగ్గరికి పిలిచింది.

"ఇటు రా బిడ్డా. నేను ముందల చూడక తప్పిన. నువ్వు చేతిల ఒకటి మర్చి తప్పినవ్. మల్ల ఒకసారి కూడు, చూస్త."

వాడు మళ్లీ కూడాడు. ఏడు, అయిదు పన్నెండు. రెండు వేసి ఒకటి చేతిలో పెట్టుకున్నాడు. నలభై రెండు వచ్చింది.

మర్నాడు పొద్దున అత్త మళ్లీ అన్నం డబ్బా పట్టుకుని బస్‌స్టాపుకు పోయింది. మొదటి బస్సు వచ్చింది. "నగర్" కనపడింది. ఆమె ఎక్కలేదు. ముందున్న అక్షరం చూసింది. "ఎ". బస్సు పోయింది. రెండో బస్సు వచ్చింది. "ది". ఎక్కింది.

ఆ రోజు ఆడబిడ్డ వేడి అన్నం తిన్నది.

మాట్లాడుకోండి

1. ఖాళీ బిందెను నిండు బిందె అనుకుని లేపితే చెయ్యి ఎందుకు పైకి లేస్తుంది?
2. అత్త బస్సు బోర్డును ఎందుకు తప్పు చదివింది?
3. మీరు ఈ వారంలో చేసిన ఒక తప్పు చెప్పండి. అది తప్పని మీకు ఎలా తెలిసింది? తరువాత ఏం మార్చుకున్నారు?
4. మీ ఇంట్లో పిల్లలు తప్పు చేస్తే మీరు ఏమంటారు? ఇకపై ఏమనాలి?
5. మీ ఊరి నుంచి పోయే బస్సుల పేర్లు రాయండి. ఒకేలా ఉన్న పేర్లలో తేడా ఉన్నచోట గీత గీయండి.